పాతబండి బేరం

జపాను కంపెనీల పేరుతో మన దేశంలో తయారైన పాత మోటారు సైకిళ్లకు ఇప్పుడు గిరాకీ బాగా ఉన్నది. 1984లో మన హొసూరు నుండి బయలుదేరిన ఇండ్‌సుజుకీ, 1985 మొదలు 1996 దాకా వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 బండ్లను కుర్రవాళ్లు కళ్లకద్దుకొని కొంటున్నారు. మేము ఆఫీసులో కాగితాల నడుమ కాలం గడిపేవాళ్లం; అందుచేత నాలుగు మాటలు చెప్పదలచాము.

అమ్మకానికి వచ్చేది నడిచే బండి కావచ్చు, ఏళ్ల తరబడి దొడ్లో తుప్పుపట్టినది కావచ్చు, విప్పి గోనెసంచిలో పోసినది కావచ్చు. కొత్త రంగు చూసి ధర కట్టరాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, కిక్కు మీరే కొట్టి చూడండి. ఇవి ఆయిలు కాల్చే టూస్ట్రోక్ బండ్లు గనుక కొంత పొగ సహజమే. వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ దట్టంగా వస్తుంటే, క్రాంకు సీలు పోయి గేరు ఆయిలు లోపలికి చేరుతున్నదేమో మెకానిక్కుకు చూపించవలెను. ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్.సి. పుస్తకంతో అక్షరమక్షరం సరిపోవలెను. ఆ అంకెల మీద ఆకురాయి గీతలు కనిపిస్తే లేచి వచ్చేయండి.

‘వింటేజ్’ అన్న మాటకు మోసపోకండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటినవే వింటేజ్. తొలి ఆర్.ఎక్స్. 100కైనా 2035 దాకా ఆ హోదా రాదు.

అమ్మేవారికి ఒక హెచ్చరిక. సొమ్ము పుచ్చుకొని తాళంచెవి ఇస్తే పని ముగియదు. ఫారం 29, 30 దాఖలై పేరు మారేదాకా, బండి వల్ల జరిగిన ప్రమాదానికి రికార్డులోని యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పినది. పొరుగు రాష్ట్రానికి పోయే బండికి ఫారం 28 కూడా కావలెను. నాన్నగారి బండి పరాయిచేతికి పోతే పోవచ్చు గాని, ఆయన పేరున కోర్టు సమను ఇంటికి రాకూడదు.