సర్వేలు ఆగితే మనకూ నష్టమే

విదేశీ నిధులతో నడిచే ఆరోగ్య సర్వేలు మూతపడితే మనకొచ్చే నష్టమేమీ లేదన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 1984 నుంచి దాదాపు 90 దేశాల్లో పనిచేసిన డీహెచ్‌ఎస్ (జనాభా, ఆరోగ్య సర్వేల) కార్యక్రమానికి అమెరికా 2025 ఫిబ్రవరిలో నిధులు ఆపేసింది. 1992-93లో మొదలైన మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ పద్ధతుల మీద నిలబడ్డదే. 2016లో ఏర్పడ్డ మా సిద్దిపేట జిల్లాకు విడిగా లెక్కలు దక్కింది దాని అయిదో విడతలోనే. అంతకుముందు మా పల్లెలు పాత మెదక్, కరీంనగర్, వరంగల్ అంకెల్లో కలిసిపోయి ఉండేవి.

ఈ సర్వేలో రెండేళ్లలోపు బిడ్డను కొలత బల్ల మీద పడుకోబెట్టి, ఒకరు తల పట్టుకుంటే, మరొకరు మోకాళ్లు సాపుగా ఒత్తి పొడవు చూస్తారు. నేపాల్‌లోనూ ఇథియోపియాలోనూ ఇదే తీరు. అందుకే పోలిక కుదురుతుంది. అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల తూకాలు రాసే నాకు దాని విలువ తెలుసు.

మన సర్వే ఖర్చు మనమే భరించగలమన్నారు. భరిద్దాం. కానీ పక్కదేశాల లెక్కలే లేకపోతే దేనితో పోల్చుకుంటాం? డీహెచ్‌ఎస్‌ను గేట్స్ ఫౌండేషన్ తాత్కాలికంగా ఆదుకుంది. ఒక దాత తప్పుకుంటే ఇంకో దాత కోసం ఎదురుచూడటం ఎన్నాళ్లు? మనతో సహా అన్ని దేశాలూ తాహతు కొద్దీ ఏటా వాటా వేసే శాశ్వత నిధి కావాలి. ఢిల్లీ ముందుగా తన వాటా ప్రకటించాలి.

– ఒక అంగన్‌వాడీ టీచర్, సిద్దిపేట