మొహమాటం ఖరీదు

పదవీ విరమణ సభలో కప్పిన శాలువా మడత పెట్టకముందే ఫోన్లు మొదలవుతాయి. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్, వాడుకోని సెలవుల డబ్బు... ముప్పై ఏళ్ళ చాకిరీ అంతా ఒక్కసారిగా ఖాతాలో అంకెగా మారుతుంది. నిన్నటిదాకా పాస్‌బుక్కు పట్టుకుని వరసలో నిలబడిన మనిషిని బ్యాంకు వాళ్ళు లోపలి గదిలోకి పిలిచి కూర్చోబెడతారు. టీ తెప్పిస్తారు.

తెలిసిన లెక్కల మాస్టారొకరు అలాగే కూర్చున్నారు. ‘ఫిక్సెడ్ డిపాజిట్ లాంటిదే, ఇంకా మెరుగైంది’ అని అక్కడి ఉద్యోగిని అంటే చూపించిన చోటల్లా సంతకాలు పెట్టారు. ఏడాది తిరిగాక ప్రీమియం కట్టమని నోటీసు వచ్చింది. అది పదేళ్ళపాటు ఏటా డబ్బు కట్టాల్సిన బీమా పాలసీ అని అప్పుడు తెలిసింది. పింఛను మీద బతికే ఆయన అన్ని వాయిదాలు ఎక్కడి నుంచి తెస్తారు? ముందే ఎందుకు అడగలేదని మిత్రులు అడిగితే ఆయన నెమ్మదిగా చెప్పారు: “ఆ అమ్మాయి నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇందులో నీకేం వస్తుందమ్మా అని ఎలా అడగను?”

చక్రవడ్డీ లెక్కలు వందలమంది పిల్లలకు నేర్పిన మనిషి ఆయన. తెలియక పోగొట్టుకోలేదు, అడగలేక పోగొట్టుకున్నారు. మనలో చాలామంది సంగతి ఇదే. డబ్బు ఎక్కడ పెట్టాలో మనకు చెప్పేది బావమరిదో, పక్కింటి అబ్బాయో, పాత సహోద్యోగో అయివుంటారు. ముఖం చూసి డబ్బిస్తాం, కాగితం చూడం. అగ్రిగోల్డ్ వ్యవహారంలో చిక్కుకున్న 30 లక్షలకు పైగా డిపాజిటర్లలో ఎంతోమంది అలా సొంత ఊరి ఏజెంటును నమ్మి కట్టినవారే. కంపెనీ మూతపడ్డాక ఆ ఏజెంట్లూ తమ వాళ్ళకు ముఖం చూపించలేకపోయారు.

ఏజెంటును దొంగ అనడం అన్యాయం. జీవిత బీమా పల్లె గడపదాకా చేరిందంటే అది ఎండలో తిరిగిన ఏజెంట్ల చలవే. అయితే అమ్మేవారు వేరు, సలహా చెప్పేవారు వేరు. చీరల కొట్టులో ‘ఈసారికి కొనకండి, ఇంట్లో ఉన్నవి చాలు’ అనే మాట వినబడదు. వినబడాలని మనమూ ఎదురుచూడం. పెట్టుబడుల దగ్గర మాత్రం అమ్మేవారి నోటినుంచే ఆ మాట రావాలనుకుంటాం.

60 ఏళ్ళు దాటినవారికి పోస్టాఫీసులోనూ బ్యాంకులోనూ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. ప్రభుత్వ హామీ ఉన్న పథకం. 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. దీని మీద ఏజెంట్లకిచ్చే కమీషన్‌ను 2011లో ఎత్తేశారు. మాస్టారికి ఎవరూ దాని పేరెత్తకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. మ్యూచువల్ ఫండ్లలోనూ 2013 జనవరి నుంచి ప్రతి పథకానికీ ‘డైరెక్ట్’ ప్లాన్ ఉంది. మధ్యవర్తి కమీషన్ లేనందువల్ల ఖర్చు తక్కువ. షేర్లలో పెట్టే ఫండ్లలో ఆ తేడా ఏడాదికి అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉండడం మామూలే. ఒక శాతమేగా అనిపిస్తుంది. 10 లక్షలు ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్ళకు 67 లక్షలు దాటుతాయి. 9 శాతమైతే 56 లక్షల దగ్గర ఆగుతాయి. ఉచితమనుకున్న సలహాకు 11 లక్షలు చెల్లించామన్నమాట. రసీదు ఇవ్వరు గనుక మనకు తెలియదు.

మరి పక్షపాతం లేని సలహా దొరకదా? దొరుకుతుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013లో పెట్టుబడి సలహాదారులకు నిబంధనలు తెచ్చింది. నమోదైన సలహాదారు మన దగ్గరే రుసుము తీసుకోవాలి. ఒకే కుటుంబం నుంచి సలహా రుసుమూ, వాళ్ళు పెట్టిన పెట్టుబడి మీద కమీషనూ రెండూ తీసుకోకూడదు. వారి నమోదు సంఖ్య ‘ఐఎన్ఏ’తో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఇంత పెద్ద దేశంలో అలాంటివారు చాలా కొద్దిమందే ఉన్నారు. కారణం కొంత మనలోనూ ఉంది. జ్వరమొస్తే డాక్టరు ఫీజు ఇస్తాం, పొలం తగాదాకు వకీలు ఫీజు ఇస్తాం. జీవితమంతా కూడబెట్టినదాని గురించి నాలుగు మాటలు చెప్పినందుకు డబ్బివ్వాలంటే మాత్రం మనసొప్పదు.

రుసుము తీసుకున్న ప్రతివారి మాటా నిజమవుతుందని కాదు. మార్కెట్ ఎవరి మాటా వినదు. కానీ పొరబడితే మన మేలు ఆలోచిస్తూ పొరబడాలి. రుసుము భరించలేని కుటుంబాలకు పెద్ద సలహాలతో పనిలేదు. ఆపదకు కొన్ని నెలల ఖర్చు బ్యాంకులో, సంపాదించే మనిషి పేర టర్మ్ బీమా, మిగిలితే అర్థమైన చోట పొదుపు. అర్థం కానిదాని మీద సంతకం పెట్టకపోవడమే వారికి మంచి సలహా. పెట్టేసినా, బీమా పాలసీ అందాక 30 రోజుల్లోగా వద్దని తిరిగి ఇచ్చేయవచ్చు. మాస్టారికి ఆ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి మీద ఆయనకు కోపం లేదు. ఆమెకూ నెల తిరిగేసరికి పూర్తి చేయాల్సిన టార్గెట్లుంటాయి. ‘ఇందులో నీకేం వస్తుందమ్మా?’ అన్న ప్రశ్నలో అవమానమేమీ లేదు. లెక్కలు నేర్పిన గురువు శిష్యురాలిని అడగదగ్గ ప్రశ్నే అది. అడిగివుంటే, పాత మాస్టారికి అబద్ధం చెప్పలేక ఆమె నిజమే చెప్పేదేమో. ఆ అవకాశం ఆయన ఆమెకు ఇవ్వలేదు. మన వాళ్ళని మనం నమ్మడం మంచిదే. నమ్మకముంది కనుకనే నిస్సంకోచంగా అడగాలి.