నల్లగా ‘ఉన్నా’... ఆ ‘ఉన్నా’ ఎవరిది?



మొన్న మా ఆమదాలవలసలో డిగ్రీ చదివే ఒక చెల్లెలు తన మొదటి కథ తెచ్చి ఇచ్చింది. వాళ్ళమ్మ మీద రాసింది. రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను: “అమ్మ నల్లగా ఉన్నా కళగా ఉంటుంది.”

“ఈ ‘ఉన్నా’ ఏటమ్మా?” అనడిగాను.

“కథల్లో అలాగే రాస్తారు కదన్నా!” అంది.

తప్పు ఆ పిల్లది కాదు. మనం చదివిన సీరియళ్ళలో నాయికది దబ్బపండు ఛాయ, నాయకుడిది కోటేరులాంటి ముక్కు. పాలేరు దగ్గరికి వచ్చేసరికి “నల్లగా, మొరటుగా”. కూలి ఆడమనిషైతే ముందు ఒళ్ళు వర్ణిస్తారు, పేరు తర్వాత. అదీ పెడితే! దేవుడు నల్లగా ఉంటే నీలమేఘశ్యాముడు. మన నాన్న నల్లగా ఉంటే తారుడబ్బా. కులం పేరు ఎత్తకుండా కులం చెప్పే పద్ధతి ఇది.

“అయితే నలుపు రాయొద్దంటావా?” అని అడుగుతారు. రాయండి. దాచిపెడితే అది ఇంకో సిగ్గు. నలుపు పక్కన ఆ క్షమాపణ ఎందుకని నా ప్రశ్న. “తెల్లగా ఉన్నా అందంగా ఉంది” అని ఎవరైనా రాశారా?

కారా మాస్టారి ‘యజ్ఞం’ మన జిల్లా కథ. అప్పల్రాముడంటే మనకు గుర్తొచ్చేది ఒంటి రంగు కాదు, తరాలను మింగే బాకీ. ఆ బాకీకి తన బిడ్డ పాలేరు కాకూడదని కన్నకొడుకునే నరికిన సీతారాముడు. మనిషిని కథలో నిలబెట్టేది బతుకు.

ఆ మాస్టారే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. మనకి బస్సు దూరం. విద్యార్థులు వెళ్ళండి. పది పాత కథలు తియ్యండి. ఒక నోటుబుక్కులో రాసుకోండి: ఏ పాత్రకి ముందు పేరొచ్చింది, ఏ పాత్రకి ముందు రంగొచ్చింది? మన దళిత రచయితల్నీ వదలొద్దు. నన్ను కూడా. నా పాత కథల్లోనూ ఆ ‘ఉన్నా’ ఉంది, చూసి సిగ్గుపడ్డాను.

ఆ చెల్లెలు మళ్ళీ రాసి తెచ్చింది: “అమ్మ నల్లగా ఉంటుంది. గోగునార తీసిన రోజు ఎంత కడిగినా చేతుల వాసన పోదు. ఆ చేతులతోనే నాకు జడ వేస్తుంది.”

ఇది తన కళ్ళతో చూసి రాసిన అమ్మ. ఇలాంటి కథలు మనమే రాయాలి.

జై భీమ్.

(వచ్చే భాగం: మన యాస కథల్లో ఎవరికి నవ్వులాట అయింది?)