బూడిద చెప్పే మాట

పొయ్యి ఎట్లా మండినదీ బూడిదను చూస్తే తెలుస్తుంది. పిట్స్‌బర్గు వేంకటేశ్వరాలయం వలన పెన్సిల్వేనియా పేరు మనవారు వినే ఉంటారు. ఆ రాష్ట్రపు తూర్పు కొండలలో ఆంథ్రసైటు అనే గట్టి బొగ్గు దొరుకుతుంది. 1808లో విల్క్స్‌బారే పట్టణంలో జెస్సీ ఫెల్ అనే ఆయన దానిని ఇనుప చువ్వల జాలీపై ఇంటిలోనే మండించి చూపారు. నేటికీ అక్కడ కొన్ని ఇళ్ళలో చలికాలపు పొయ్యికి అదే ఆధారం.

బూడిద మెత్తగా, తెల్లగా రాలితే బొగ్గు చక్కగా కాలినట్టే. ఎర్రగా ఉన్నా కంగారు వద్దు. అది బొగ్గులోని ఇనుము రంగు. నల్లని ముక్కలు కనిపిస్తే గాలి చాలలేదనో, జాలీని అతిగా కదిపారనో గ్రహించాలి. గట్టి గడ్డలు కనిపిస్తే వేడి మించి బూడిదే కరిగి ముద్దకట్టిందన్నమాట.

అయితే బూడిద చెప్పని మాట ఒకటున్నది. ఈ బొగ్గుకు పొగ దాదాపు కనబడదు. కార్బన్ మోనాక్సైడు వాయువుకు వాసనే లేదు. పొగగొట్టం మూసుకుపోతే ప్రాణాపాయమే. మన కుంపటికీ ఇదే ధర్మం: తలుపులు బిగించి, నిప్పులు పక్కన పెట్టుకొని నిద్రపోరాదు.

ఎత్తిన బూడిదను మూతగల ఇనుప బకెట్టులో ఇంటి బయట ఉంచాలి. నివురు గప్పిన నిప్పు అని మన పెద్దలు ఊరకే అనలేదు గదా!