అండాశయానికి పొట్లం కట్టేవాళ్ళు

ఈ మధ్య మా సంస్థకి ఒక ప్రతిపాదన వచ్చింది. మీ సంస్థల్లో కొన్నింటికి కూడా అలాంటిదే వచ్చి ఉంటుంది. ఒక రక్తపరీక్షల లాబొరేటరీ, ఒక మందుల కంపెనీ కలిసి పల్లెల్లో స్త్రీలకు ఉచితంగా డి విటమిన్ పరీక్ష చేస్తాయట. తక్కువ ఉన్నవాళ్ళకి వారానికొకటి చొప్పున అరవై వేల యూనిట్ల పొడి పొట్లాలు ఎనిమిది వారాలకు ఇస్తాయట. పొదుపు సంఘాల ద్వారా ఆడవాళ్ళని పోగుచేసి కూర్చోబెట్టడం మన పని. వాళ్ళు పంపిన కరపత్రంలో పెద్దక్షరాల్లో ఉన్న మాట సారాంశం ఇది: అండాశయాల్లో డి విటమిన్ రిసెప్టర్లు ఉన్నాయని సైన్సు రుజువు చేసింది, కాబట్టి ముట్టు సమస్యలకీ పిల్లలు కలగకపోవడానికీ ఆ విటమిన్ లోపమే మూలం.

మా కార్యవర్గంలో సగంమందికి ఇది మంచి పనిగానే తోచింది. నాకు తోచలేదు. నేను డాక్టరును కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అయినా ఆ కరపత్రం చూశాక కొన్ని వైద్య పరిశోధనా పత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ వాక్యంలో మొదటి సగం నిజం. నా తగువంతా ఆ ‘కాబట్టి’తోనే.

డి విటమిన్ పేరుకి విటమినే గాని పని చేసే తీరు హార్మోన్‌ది. చర్మానికి ఎండ తగిలినప్పుడు తయారై, కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఇంకోసారి మారి, రక్తంలో తిరుగుతుంది. కణాల్లో దాన్ని పట్టుకునే ప్రోటీన్ పేరే రిసెప్టర్. అది పేగుల్లో, ఎముకల్లోనే కాదు, అండాశయాల్లో, గర్భాశయంలో, మాయలో కూడా ఉంది. 1980లో అమెరికాలో హాలోరన్, డెలూకా అనే శాస్త్రవేత్తలు డి విటమిన్ అందకుండా పెంచిన ఆడ ఎలుకల్లో సంతాన సామర్థ్యం నాలుగింట మూడు వంతులు పడిపోయిందని చూపించారు. 1997లో అసలు ఆ రిసెప్టరే లేని చిట్టెలుకల్ని పుట్టించగలిగారు. అలాంటి ఎలుకల అండాశయాల్లో ఈస్ట్రోజెన్‌ను తయారుచేసే ఆరోమటేజ్ అనే ఎంజైమ్ పనితనం మామూలు ఎలుకలతో పోలిస్తే 24 శాతమే ఉందని 2000లో జపాన్ పరిశోధకులు రాశారు.

కరపత్రం ఇక్కడితో ఆగిపోతుంది. జపాన్ వాళ్ళ పత్రం ఆగలేదు. ఆ ఎలుకలకి కాల్షియం ఎక్కువగా ఇస్తే అదే ఎంజైమ్ 60 శాతం దాకా లేచింది. మరుసటి ఏడాది, 2001లో, డెలూకా, ఆయన సహచరురాలు కలిసి ఇంకా ముందుకెళ్ళారు. రిసెప్టర్ లేని ఆడ ఎలుకలకి కాల్షియం దండిగా ఉన్న మేత పెడితే అవి చూలు కట్టాయి, పిల్లల్ని కన్నాయి. ఒక్కసారి ఆలోచించండి. డి విటమిన్‌ను పట్టుకునే చెయ్యే లేని శరీరం అది. దానికి ఎంత విటమిన్ పోసినా చెవిటివాడి ముందు శంఖమే. అలాంటి శరీరాన్ని నిలబెట్టింది తిండి. అండాశయంలో డి విటమిన్‌కి సొంత పనేమీ లేదని నేననడం లేదు, ఆ చర్చ ఇంకా నడుస్తోంది. కానీ ఎలుకకి మేత పెట్టి చూసినవాళ్ళు, మనిషి దగ్గరికి వచ్చేసరికి మేత మాట మరిచి పొట్లం చేతిలో పెడుతున్నారే, అది సైన్సు చెప్పిన మాట కాదు.

ఎలుకల్ని వదిలి మనుషుల సంగతి చూద్దాం. ఇటలీలో కృత్రిమ గర్భధారణకు సిద్ధపడిన, డి విటమిన్ తక్కువున్న 630 మంది స్త్రీలలో సగంమందికి ఒకేసారి ఆరు లక్షల యూనిట్లు ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2021లో వచ్చిన ఫలితం: గర్భం నిలవడంలో తేడా లేదు. అమెరికాలో 25,871 మంది నడివయసు దాటిన స్త్రీ పురుషుల మీద జరిగిన పెద్ద పరీక్షలో డి విటమిన్ మాత్రలు క్యాన్సర్లనూ గుండెజబ్బులనూ ఆపలేదని 2018లో, ఎముకలు విరగడాన్నీ తగ్గించలేదని 2022లో తేలింది. ఇక ఎవరికి ‘లోపం’ అనే లెక్కకొద్దాం. రక్తంలో 20 ఉంటే చాలని అమెరికాలోని ఒక శాస్త్రీయ సంస్థ 2010లో అంటే, 30 ఉండాలని అక్కడి హార్మోన్ల వైద్యుల సంఘం 2011లో గీత పైకి జరిపింది. గీత పైకి జరిగితే నిన్న ఆరోగ్యంగా ఉన్న కోట్లమంది ఇవాళ రోగులవుతారు. అదే సంఘం 2024లో ఆ 30 గీతను తానే వదులుకుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఊరికే ఈ పరీక్ష చేయవద్దని కూడా చెప్పింది. మన దగ్గరికి వచ్చిన కరపత్రంలో గీత ఇంకా 30 దగ్గరే ఉంది.

మన రాష్ట్రాల సంగతికొస్తే, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007, 2008లలో ప్రచురించిన అధ్యయనాలున్నాయి. పొద్దంతా ఎండలో ఉండే పల్లెజనంలోనూ డి విటమిన్ తక్కువే. పల్లెలోనైనా పట్నంలోనైనా మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇంకా తక్కువ. ఎండ ఉండీ ఎందుకిలా? వాళ్ళు తిండి వైపు వేలు చూపించారు. కాల్షియం తక్కువ, ఆ కాస్తనీ ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు గింజల్లో ఎక్కువ. కాల్షియం అందకపోతే శరీరం తన దగ్గరున్న డి విటమిన్‌ను త్వరత్వరగా ఖర్చు చేసుకుంటుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న, సహచరులు 289 మంది పేద స్త్రీల ఎముకలు పరీక్షించి 2005లో ప్రకటించారు. ముప్ఫై నుంచి అరవై ఏళ్ళ మధ్యవాళ్ళు. ఎముకలు పలచబడటం ఎంత మామూలైపోయిందో, తిండిలో కాల్షియం ఎంత అడుగంటిందో అందులో ఉంది. రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు కావాలని 2020లో మన దేశపు సిఫార్సు. ఆ స్త్రీలు తింటున్నది అందులో మూడో వంతు కూడా లేదు.

పాలమూరు వైపు ఒక ఊళ్ళో ఈ పరీక్షల సంగతి చెబితే ఒక కూలి మనిషి నన్నే అడిగింది. “పొద్దంత ఎండల్నే ఉంటం గద మేడం, ఇంగ గా పొడి దేనికి? ఇంట్ల పాలు పిల్లలకే సాలయి.” ఆమెకి ముప్ఫై రెండేళ్ళకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళితే, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందన్నారట. అండాశయాలు ఉన్నాయా, తీశారా అని అడిగితే తెలియదంది. కాగితమేదీ ఇవ్వలేదు.

అండాశయాల గురించి నిజంగా దిగులుంటే మొదలుపెట్టాల్సిన చోటు ఇదీ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ముందున్నది మనమే. ఆపరేషన్ నాటికి మధ్యస్థ వయసు 34. మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లో. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పోతుంది. వదిలేసినా కొందరిలో అవి ముందుగానే మందగిస్తాయి. ఎముకల మీద ఆ దెబ్బ పడుతుంది. అనవసర ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను కేంద్రం 2022లో ఇచ్చింది, వాటిని మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మన జిల్లాలో ఆ పర్యవేక్షణ కమిటీలో ఎవరున్నారో మనలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను.

ఇంకో మాట. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణికీ బాలింతకీ రోజుకో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక పూట భోజనం ఇచ్చింది. మంచిదే, దాన్ని కాపాడుకోవాలి. కానీ ఆ పాలగ్లాసు గర్భం చుట్టూనే తిరుగుతుంది. గర్భం లేని ఏళ్ళలో, గర్భసంచే లేని ఏళ్ళలో ఆమె ఎముక ఎవరి లెక్కలోకీ రాదు. ప్రయోగశాలలోనూ ఇదే బుద్ధి. జంతు పరిశోధనల్లో పది రంగాలు పరిశీలించి చూస్తే ఎనిమిదింటిలో మగ జంతువులదే మొగ్గు అని 2011లో బీరీ, జుకర్ లెక్కతేల్చారు. ఆడ ఎలుకకి పెద్దపీట వేసిన రంగం ఏమిటంటే, పునరుత్పత్తి!

కార్యవర్గంలో ఒక చిన్నమ్మాయి నన్ను నిలదీసింది. “అక్కా, ఏమీ లేనిదానికంటే ఆ పొట్లమైనా నయం కదా? ఎముకలు మెత్తబడి నడవలేని ఆడవాళ్ళని నేను చూశాను.” నేనూ చూశాను. అలాంటివాళ్ళకి పరీక్ష కావాలి, మందు కావాలి, కాల్షియం కావాలి, అది డాక్టరు దగ్గరుండి చేయాలి. నా అభ్యంతరం మందు మీద కాదు. ఏ జబ్బూ లేని వందలమందిని వరసలో నిలబెట్టి, ముట్టు గురించిన భయం చూపించి రక్తం తీయడం మీద. ఆ రక్తం ఏమవుతుంది, ఆ వివరాలు ఎవరి దగ్గరుంటాయి అని మేము రాసి అడిగితే ఇంతవరకూ జవాబు లేదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక హార్మోన్ ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలను పోగుచేసినప్పుడు, అది ప్రయోగమని వాళ్ళకి సరిగా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఆనాడు ఆడవాళ్ళని పోగుచేసిన పని ఇవాళ మన చేత చేయించాలని చూస్తున్నారు.

వచ్చే నెల మొదటి ఆదివారం కార్యవర్గం మళ్ళీ కూర్చుంటుంది. నేను వ్యతిరేకంగా ఓటు వేస్తాను. బదులుగా నా ప్రతిపాదన ఇదీ: పన్నెండు ఊళ్ళలో గర్భసంచి ఆపరేషన్ అయిన ప్రతి స్త్రీకీ ఆసుపత్రి నుంచి తన కాగితాలు రాబట్టడం, అండాశయాలున్నాయో లేవో ముందు ఆమెకు తెలియజేయడం, నలభై దాటిన కూలి స్త్రీలకు కూడా అంగన్‌వాడీలో పాలూ గుడ్డూ కావాలని కలెక్టరుకి అర్జీ పెట్టడం. అర్జీ ముసాయిదా సిద్ధంగా ఉంది. మీ ప్రాంతంలో వాడుకుంటామంటే పత్రిక కార్యాలయానికి కార్డు రాయండి, పంపిస్తాను.