సిగ్నలు దగ్గర ఆగితే బండి హీటెక్కుతోందా?



చౌటుప్పల్ వైపు నుండి ఒక సహోదరుడు ఇలా అడిగారు: "పాస్టరు గారూ, అమ్మను కంటి పరీక్షకు దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోవాలి. మా పాత మారుతి 800 హయత్‌నగర్ దాకా చక్కగా వస్తుంది. ఎల్.బి.నగర్ దాటేసరికి టెంపరేచరు ముల్లు ఎర్ర గీత మీదికి పోతుంది. ఫ్యాను మోటారు మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా?" ఇటువంటి బండ్లు మన సంఘములలో ఇంకా చాలా ఇళ్ల ముందు ఉన్నవి గనుక ఈ నెల ఆ సంగతే చూద్దాం.

మారుతి 800 మొదట రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. 2010 ఏప్రిల్‌లో కొత్త పొగ నిబంధనలు రావడంతో హైదరాబాదులో దాని అమ్మకం ఆగింది, 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అంతకు ముందు తరం అంబాసిడరులో ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. మారుతిలో ఫ్యాను కరెంటుది. రేడియేటరు నీళ్లు ఒక హద్దు దాటి వేడెక్కితే థెర్మో స్విచ్చి లోపల కలుస్తుంది, మోటారు తిరుగుతుంది. నీళ్లు చల్లబడితే అదే ఆగుతుంది.

విజయవాడ రోడ్డు మీద వేగంగా వచ్చేటప్పుడు ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది, ఫ్యానుతో పనే ఉండదు. అందుచేత అది పాడై నెలలు గడిచినా మనకు తెలియదు. కొత్తపేట, చైతన్యపురి దగ్గర మెట్రో స్తంభాల పక్కన బండ్లు బారులు తీరినప్పుడు బయటపడుతుంది. సహోదరుడు చెప్పిన మాటలోనే సగం జవాబు ఉన్నది: ఆగితే వేడెక్కుతుంది, పరుగెత్తితే చల్లబడుతుంది అంటే ముందుగా ఫ్యాను వైపు చూడాలి. హైవే మీద కూడా ముల్లు ఎక్కుతూ ఉంటే నీళ్లు తగ్గాయా, రేడియేటరు పూడిందా, థెర్మోస్టాట్, వాటర్ పంపు పనిచేస్తున్నాయా అని చూడాలి.

అయితే ఫ్యాను పనిచేయకపోతే మోటారే పోయిందని ఎందుకనుకోవాలి? ఫ్యూజు, వైరు, స్విచ్చి, మోటారు, వీటిలో ఏది పోయినా రెక్కలు తిరగవు. ఖరీదైనదాన్ని ముందు మార్చడం పేదవాడి సంచికి చిల్లు పెట్టడమే.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే పని మొదలుపెట్టండి. వేడి మీద రేడియేటరు మూత ఎవ్వరూ తీయవద్దు. మూత కింద ఒత్తిడి ఉన్నందున నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై ముఖాన చిమ్ముతాయి. "నీళ్లు పోద్దాం నాన్నా" అని పరుగెత్తే పిల్లలను దూరంగా ఉంచండి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయనిదే రెక్కల మధ్య వేళ్లు పెట్టవద్దు. కొన్ని బండ్లలో తాళం తీసినా ఫ్యాను తిరుగుతుంది.

చల్లారాక నీళ్లు నిండుగా ఉన్నాయా చూడండి. స్విచ్చి నీళ్లలో మునిగి ఉంటేనే దానికి వేడి తెలుస్తుంది. తరువాత ఫ్యూజు. అది కాలిపోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. రాగి తీగ చుట్టి నడిపితే కాలేది ఈసారి ఫ్యూజు కాదు, వైర్లు.

ఫ్యూజు బాగుంటే, ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పి, థెర్మో స్విచ్చి వైర్లు ఊడదీసి రెండింటినీ కలపండి. ఒకే వైరు ఉంటే దాన్ని ఇంజను ఇనుముకు తాకించండి. ఫ్యాను తిరిగిందా? మోటారు బాగున్నట్టే, స్విచ్చి మారిస్తే చాలు. తిరగకపోతే బ్యాటరీ నుండి మోటారుకు నేరుగా రెండు వైర్లు ఇవ్వండి. అప్పుడు తిరిగితే లోపం వైరులోనో, రిలేలోనో, తుప్పు పట్టిన ఎర్త్‌లోనో ఉంది. అప్పటికీ తిరగకపోతేనే మోటారు. దానిలో కూడా కార్బన్ బ్రష్‌లు అరిగితే అవి మాత్రమే మార్చేవారున్నారు, అడగండి. ఇది కార్బ్యురేటరు బండ్ల సంగతి. కంప్యూటరు ఉన్న ఇంజెక్షన్ బండ్లలో ఇలా వైర్లు కలపవద్దు.

స్విచ్చి మీద ఇంకా అనుమానమా? దాన్ని విప్పి, వంటకు వాడని గిన్నెలో నీళ్లు కాచి, బ్యాటరీకి, చిన్న బల్బుకు కలిపి కొన మాత్రం ముంచండి. మంచి స్విచ్చి అయితే నీళ్లు తెర్లే లోపల బల్బు వెలుగుతుంది. కూలెంట్ విషము, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలకు, కుక్కలకు అందనీయకండి.

ఒక బండిలో కొత్త మోటారు వేసినా వేడి తగ్గలేదు. చూస్తే వైర్లు తారుమారు చేసి బిగించారు, ఫ్యాను వెనక్కి తిరుగుతూ ఎదురుగాలిని తోసివేస్తోంది. రేడియేటరు ముందు ఒక కాగితం పెట్టి చూడండి. వెనక ఉన్న ఫ్యాను గాలిని లోపలికి లాగాలి గనుక కాగితం అతుక్కోవాలి.

"థెర్మోస్టాట్ తీసేద్దాం, హాయిగా ఉంటుంది" అనే సలహా నాకు నచ్చదు. ఇంజను చల్లగానే ఉండిపోయి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు లోపము అలాగే ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద స్విచ్చి పెట్టి ఫ్యానును డైరెక్టు చేయడం ఊరు చేరడానికి పనికివస్తుంది, అదీ ఫ్యూజు, రిలే వేస్తేనే.

ఇక దారిలోనే ముల్లు ఎక్కితే? ప్రార్థన చేసుకుంటూ పోనిద్దామనేవారు ఉన్నారు. నెహెమ్యా ప్రార్థించాడు, కావలివారిని కూడా ఉంచాడు. ఎ.సి. ఆపండి, హీటరు ఉంటే పూర్తిగా పెట్టండి, అది ఇంజను వేడిని కొంత లాగుతుంది. ఎడమ పక్కకు తీసి ఇంజను ఆపండి. కాలుతున్న ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు, హెడ్ పగలవచ్చు. బండిలో రోగి ఉంటే మీరు బండి దగ్గర ఉండి, తోడు ఇచ్చి వారిని ముందుగా పంపండి. ఎల్.బి.నగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ అన్నిచోట్లా 2018 సెప్టెంబరు నుండి మెట్రో నడుస్తోంది. ముసలివారికి లిఫ్టు కూడా ఉంటుంది.