మాటలులేని పాట

‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అను రికార్డు రూపొందిన విధమును దెలుపు 2003 నాటి చిత్రమును మేము చూచితిమి. పింక్ ఫ్లాయిడ్ అను ఆంగ్లేయుల రాక్ సంగీతమేళము 1972-73లలో లండనునందలి ఆబీ రోడ్డు స్టూడియోలో దీనిని సిద్ధపరచి, 1973లో వెలువరించెను. నాటి శబ్దలేఖకుడు ఆలన్ పార్సన్స్ కంఠములను, వాద్యములను విడివిడిగా వినిపించుచుండ, నేసిన చీర పడుగుపేకలను విప్పి చూపినట్లుండెను.

అందొక పాటకు సాహిత్యము లేదు. రిచర్డ్ రైట్ పియానోపై క్లేర్ టోరీ యను యువతి అప్పటికప్పుడు అల్లిన ఆలాపమే దానికి ప్రాణము. నాడామెకు ముట్టినది 30 పౌండ్లు. రచయితగా పేరు మాత్రము రైటునకే దక్కెను. ఆమె 2004లో వ్యాజ్యము వేయగా, 2005లో రాజీ కుదిరెను. అటుపిమ్మట రైటు పేరు సరసన ఆమె పేరును నిలిచెను.

కూలి ముట్టినంతమాత్రమున కర్తృత్వము చెల్లిపోదు. మన చేతిపనికి వెలతోపాటు పేరునుగూడ అడుగుట గర్వము కాదు, న్యాయమే.